శ్రీ జి. డి. నాయుడుగారు: విప్పి చూచి నేర్చిన విద్య

విజయనగర ప్రభువుల కాలమునను, పిదప మధుర నాయకరాజుల కాలమునను మన పూర్వులనేకులు దక్షిణమునకు వచ్చి కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో స్థిరపడిరి. ఊరిలో తమిళమును, ఇంటిలో తెనుగును పలుకుచు, నేలను నమ్ముకొని తరములు గడపిరి. అట్టి తెలుగు సేద్యగాండ్ర కుటుంబమొకదానియందు, కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామమున, 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు జన్మించిరి. జి. డి. నాయుడుగారని లోకమెరిగినది వీరినే.

బడి చదువు వీరికి పట్టుబడలేదు. అది చిన్న తరగతులలోనే నిలిచిపోయినది. యౌవనారంభమున ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలుపై వచ్చుట వీరు చూచిరి. ఎద్దులు గాని గుఱ్ఱము గాని లేకయే కదలిన ఆ బండి వీరి మనస్సును దోచుకొనినది. కోయంబత్తూరు చేరి, హోటలులో సర్వరుగా పనిచేసి, పైకము కూడబెట్టి అట్టి బండినే కొనిరి. కొని ఊరక ఎక్కి తిరుగలేదు. దాని భాగములన్నియు ఊడదీసి, ఏది యెందులకున్నదో గ్రహించి, మరల కూర్చిరి. వీరి అసలు చదువు అక్కడ మొదలైనది.

1920లో ఒక బస్సును సంపాదించి పొల్లాచ్చి, పళనిల నడుమ తామే నడిపిరి. ఆ ఒక్క బస్సునుండియే యూనివర్సల్ మోటార్ సర్వీసు అను పెద్ద సంస్థ పెరిగినది. బస్సు దారిలో నిలిచినచో ఆనాటి కూలి పోవును, ప్రయాణికుల నమ్మకమును పోవును. కావున బండి నడుపువాడు దాని లోపమును కనుగొను విద్యయు ఎరిగియుండవలెను.

ఆ విద్య యెట్టిదో నేటికాలపు చిక్కొకటి చూచి తెలిసికొందము. కారు వెనుక తగిలించి ఈడ్చుకొనిపోవు ఇంటిబండి యున్నది. దానిలో దీపములకు వేరొక బ్యాటరీ యుండును. పగలంతయు ప్రయాణము చేసినను సాయంకాలమునకు ఆ బ్యాటరీ నిండలేదు. తొందరపడువాడు క్రొత్త బ్యాటరీ కొనును. మరునాడును అదే కథ. తెలిసినవాడు విద్యుత్తు పుట్టుచోటినుండి చేరుచోటివరకు మీటరుతో అడుగడుగున పరీక్షించును.

నిండుగానున్న 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడచుచుండగా కారు బ్యాటరీవద్ద సుమారు 14 వోల్టులుండవలెను. లేనిచో లోపము ముందే యున్నది: బెల్టు వదులైనదేమో, ఆల్టర్నేటరు చెడినదేమో చూడవలెను. కొన్ని క్రొత్త కార్లలో ఇంధనము మిగుల్చుటకు ఆల్టర్నేటరే వోల్టేజిని తగ్గించుచుండును. అట్టి కార్లకు వెనుక బండిలో వేరొక ఛార్జరు అమర్చవలెను. ముందు 14 వోల్టులు సరిగానున్నచో ఫ్యూజును, పిదప రెండు బండ్లను కలుపు ప్లగ్గును, అందులోని చిలుమును, చివరకు ఎర్తు తీగ బిగువును చూడవలెను.

అన్నియు బాగున్నను తీగ సన్నమైనచో ఫలితముండదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ పోను 10 మీటర్లు, రాను 10 మీటర్లు ఉన్నదనుకొందము. దానిలో 10 ఆంపియర్లు ప్రవహించినచో దాదాపు 1.4 వోల్టులు దారిలోనే హరించిపోవును. ముందు 14 ఉన్నను వెనుకకు 12.6 మాత్రమే చేరును. దానితో బ్యాటరీ నిండదు. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము 0.35 వోల్టునకు దిగును. తప్పు బ్యాటరీది కాదు, దారిది. ఛార్జి అగుచున్న బ్యాటరీనుండి మండెడి వాయువు వెలువడును గనుక నిప్పును దగ్గరకు రానీయరాదు. పిల్లలు పెద్దల యెదుటనే ఇట్టి పరీక్షలు చేయవలెను.

ఊహించుట కాదు, వెదకి చూచుట ముఖ్యమను ఈ నియమమే నాయుడుగారి జీవితమున అడుగడుగున కనబడును. 1930ల ఆరంభమున పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు మిల్లులకు చేరినది. మోటార్లు మాత్రము విదేశములనుండి రావలసియుండెను. 1937లో నాయుడుగారు శ్రీ డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి స్వదేశపు విద్యుత్ మోటారును తయారు చేసిరి. చిన్న మోటారును పొడి బ్యాటరీలతో నడపు రసాంత్ అను క్షౌరయంత్రమును రూపొందించిరి. 1952లో 2,000 రూపాయలకే లభింపగల రెండు సీట్ల కారును నిర్మించిరి. ప్రభుత్వము దాని తయారీకి అనుమతి నీయలేదు. ఆ కారు వీథులకెక్కకయే నిలిచిపోయినది.

బడి విడిచిన వీరే బడులు కట్టించిరి. వీరి విరాళములతోను కృషితోను కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు కళాశాల వెలసినవి. 1945లో వీరే ప్రిన్సిపాలుగా నుండిరి. పనితో కూడిన చదువునకు నాలుగేండ్లు అక్కరలేదు, రెండేండ్లు చాలునని వీరి నిశ్చయము. పాలకులు సమ్మతింపకపోగా పదవిని వదలుకొనిరి. ఆ కళాశాలయే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన నాయుడుగారు స్వర్గస్థులైరి.

వీరు బడి మానిరి గనుక మనమును మానవచ్చునని యెవరును తలపరాదు. చేతిపనిలో దొరకిన జ్ఞానమును పదిమందికి పంచుటకు బడియే కావలెనని వీరే గ్రహించిరి. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే: మీ బిడ్డ చెడిన గడియారమునో, ఆరిన టార్చిలైటునో విప్పినచో వెంటనే కోపింపకుడు. ఏది ఎచటనుండి ఎచటికి పోవుచున్నదో మీకు చెప్పుమనుడు. ఇంటి తెనుగున చెప్పగలిగినచో ఆ బిడ్డకు విషయము నిజముగా తెలిసినట్లే.