యల్లాప్రగడ సుబ్బారావు: నీలం రంగు ఆలస్యమైంది.. కండరం గుట్టు బయటపడింది!

రక్తపరీక్షకు ఇచ్చిన శాంపిల్‌లో ల్యాబ్‌వాళ్లు ఓ రసాయనం కలుపుతారు. రంగు మారుతుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో కాంతితో కొలిచి రిపోర్ట్ ఇస్తారు. ఇలా రంగు చూసి ద్రవం లోగుట్టు చెప్పే విద్యలో వందేళ్ల కిందటే ప్రపంచానికి దారి చూపినవాళ్లలో మన తెలుగాయన ఒకరు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

భీమవరం టు బోస్టన్

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్ చేజారి, తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను బలి తీసుకుంది. రోగాల అంతు తేల్చాలనే పట్టుదలతో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిళ్లు చిన్నాచితకా పనులు చేశారు.

ఆ నీలం రంగు కథేంటి?

రక్తం, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చే తేలికైన పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించారు. శాంపిల్‌లో ఆమ్లం, మాలిబ్డేట్ వేసి, మరో రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే నీలం చిక్కబడుతుంది.

అయితే కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం రంగు నెమ్మదిగా వచ్చింది. పొరపాటేమో అని పక్కన పెట్టేయొచ్చు. వాళ్లు పెట్టలేదు, ఎందుకని తవ్వారు. ఆమ్లం తగిలితే విడిపోయే ఫాస్ఫరస్ పదార్థమొకటి అందులో ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతి బయటపెట్టారు. కండరం పనికి లాక్టిక్ ఆమ్లమే మూలమనుకునే రోజులవి. ఆ లెక్క మారిపోయింది. 1929లో శరీరానికి శక్తినిచ్చే ఏటీపీ గురించీ ప్రకటించారు.

ఇప్పుడు ఫైబర్ కొసనే ల్యాబ్

రంగుతో కొలిచే ఈ ఆలోచన తర్వాత ఆప్టికల్ ఫైబర్‌లోకీ వచ్చింది. 1980లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలు ఫైబర్ కొసన ఫినాల్ రెడ్ అనే రంగును అమర్చారు. ఆమ్లత పెరిగితే అది పసుపుకు, తగ్గితే ఎరుపుకు మారుతుంది. ఒక ఫైబర్‌లో కాంతి వెళ్తుంది, మరో ఫైబర్‌లో తిరిగొస్తుంది. తిరిగొచ్చిన కాంతిని బట్టి రక్తం పీహెచ్ చెప్పేస్తారు. అంటే శాంపిల్‌ను ల్యాబ్‌కు మోసుకెళ్లే పని లేకుండా, ల్యాబే ద్రవం దగ్గరకు వెళ్తుందన్నమాట.

పేరు రాలేదు.. మందులు మిగిలాయి

ఇంత చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. ఆయన నడిపిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశాయి. బోదకాలుకు ఇప్పటికీ వాడే డీఈసీ మందు, తొలి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ అక్కడి నుంచే వచ్చాయి. వాళ్లు తయారు చేసిన అమినోప్టెరిన్‌తోనే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు చికిత్స చేశారు.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు గుండెపోటుతో కన్నుమూశారు. నోబెల్ రాలేదు. శతజయంతి వేళ 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.