పనివారిని నిలుపుకొనిన జంషెడ్జీ టాటా

వ్యాపారము పెట్టువాడు మొదట ధనమునకై తిరుగును. ధనము దొరకిన పిమ్మట పనివారికై తిరుగవలెను. వచ్చిన పనివారు రేపును వత్తురో రారో యన్న చింత అంతటితో మొదలగును. ఈ చింతను ఎదుర్కొనిన తీరునందే జంషెడ్జీ నస్సర్వాంజీ టాటా తన కాలపు మిల్లు యజమానులనుండి వేరుపడెను. ఉక్కు పరిశ్రమను, బెంగుళూరు విజ్ఞాన సంస్థను సంకల్పించిన మహాపురుషుడుగా ఆయనను లోకమెరుగును. నాగపురమునందలి ఒక నూలుమిల్లులో ఆయన తన పనివారితో ఎట్లు మెలగెనో యెరిగినవారు తక్కువ.

జంషెడ్జీ 1839 మార్చి 3వ తేదీన గుజరాతులోని నవసారిలో పార్శీ అర్చక వంశమున జన్మించెను. తండ్రి నస్సర్వాంజీ కులవృత్తిని వదలి బొంబాయిలో వర్తకమునకు దిగినవాడు. కుమారుడు ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువు ముగించి 1858లో తండ్రి చెంత చేరెను. అమెరికా అంతర్యుద్ధము వలన ప్రత్తి ధర మిన్నంటి, 1865లో యుద్ధము ముగియగనే కూలిపోవుటచే ఆ కుటుంబమును కష్టముల పాలయ్యెను. 1868లో 21,000 రూపాయల మూలధనముతో జంషెడ్జీ తన సొంత వర్తకశాలను తెరచెను. మరుసటి యేడు చించ్‌పోక్లీలో దివాలా తీసిన నూనెమిల్లు నొకదానిని కొని, దానిని నూలుమిల్లుగా మార్చి, రెండేండ్లలో లాభమునకు అమ్మివేసెను. పిదప ఇంగ్లండునకు పోయి లాంకషైరు మిల్లుల పనితీరును స్వయముగా పరిశీలించెను.

నాడు మిల్లనిన బొంబాయియే. ఆయన మాత్రము ప్రత్తి పండుచోటనే మిల్లుండవలెనని నాగపురమును ఎన్నుకొనెను. ప్రత్తి చుట్టుపట్లనే పండును, బొగ్గు వరోరా గనులలో దొరకును, బొంబాయికి రైలుదారి కలదు. 1874లో 15 లక్షల రూపాయల మూలధనముతో కంపెనీ యేర్పడెను. దొరకిన స్థలము బురదనేల. దానిని మట్టితో పూడ్పించుచుండగా చూచి, బంగారమును మట్టిలో పోయుచున్నాడని అచ్చటి షావుకారొకడు అప్పీయ నిరాకరించెననియు, కొన్నియేండ్లకు తన మాట తానే దిద్దుకొనెననియు చెప్పుదురు. 1877 జనవరి 1వ తేదీన మిల్లు పని ప్రారంభించెను. విక్టోరియా రాణి ఆనాడే భారత చక్రవర్తినిగా ప్రకటింపబడుటచే దానికి ఎంప్రెస్ మిల్లని పేరిడిరి.

ఈ మిల్లునకు అధికారిని ఎన్నుకొనుటలోనే జంషెడ్జీ దృష్టి తెలియుచున్నది. ఆయన నియమించిన బెజోంజీ దాదాభాయి మెహతా రైల్వే ఉద్యోగి. నూలు వడకుట యన నేమో యెరుగడు. అట్టివానికి మిల్లు అప్పగించుట చూచి పలువురు ఆశ్చర్యపడియుందురు. కాని యంత్రవిద్యకు లాంకషైరునుండి జేమ్స్ బ్రూక్స్‌బీ యను నిపుణుని వేరుగా రప్పించియే యుండిరి. మెహతాయందు జంషెడ్జీ కోరినవి వేరు: క్రమము, నిజాయితీ, పదిమందిని నడపగల నేర్పు. వృత్తిజ్ఞానమును నేర్పవచ్చును, స్వభావమును నేర్పుట దుర్లభము. యజమాని బొంబాయిలోనుండగా నాగపురమున మెహతా దశాబ్దములపాటు ఆ మిల్లును నడపెను. నియమించినంతటితో సరిపుచ్చక, నియమించినవానికి స్వేచ్ఛ నిచ్చుటయే ఇందలి విశేషము.

పొరపాటు జరుగకపోలేదు. మొదట చౌకగా దొరకిన యంత్రములను కొనుటచే నూలు నాసిగా దిగెను, వాటాల విలువ పడిపోయెను. ఆ యంత్రములను తీసివేసి మంచివి పెట్టక తప్పలేదు. పిమ్మట 1883లో, లాంకషైరువారు ఇంకను సందేహించుచుండిన రింగు కదురులను ఇచ్చట పరీక్షించి చూచిరి. పాతవానికంటె ఇవి వేగముగా తిరుగును. కొత్తగా పనిలో చేరినవారును వీనిని త్వరగా నేర్చుకొందురు. మిల్లుపని యెరిగినవారు లేని నాగపురమున ఈ రెండవ గుణము మిక్కిలి అక్కరకు వచ్చెను.

ఇక అసలు చిక్కు పనివారిది. బొంబాయిలో మిల్లుపనికి అలవాటుపడిన జనముండిరి. జాబరను మేస్త్రీ వారిని తెచ్చి పనిలో పెట్టుచుండెను, దానికి వారియొద్ద దస్తూరియు పుచ్చుకొనుచుండెను. నాగపురమున అంతకుముందు మిల్లే లేదు. చేరినవారిలో మగ్గము వదలి వచ్చిన కోష్టి నేతగాండ్రును, మహారు కులస్థులును పెక్కురు. వీరికి ఊరు, పొలము, పండుగ, పెండ్లి, అన్నియు దగ్గరనే. చేతిలో నాలుగు డబ్బులు పడినచో ఆ వారము మిల్లు గుర్తుండదు. బొంబాయి మిల్లులలో దినమునకు నూటికి ఎనిమిది పదిమంది రానిచో, ఇచ్చట ఇరువదిమంది వరకు రాకుండిరి. బడిలో హాజరుపట్టీ పట్టినవారికెల్ల ఈ బాధ తెలిసినదే. కాని బడిలో పిల్లవాడు రానిచో వాని బల్ల మాత్రమే ఖాళీ. మిల్లులో ఒకడు రానిచో వాని యంత్రముతో పాటు దానిపై ఆధారపడిన పని యంతయు నిలిచిపోవును.

దీనికి ఆనాటి మిల్లులెరిగిన మందు జుల్మానా. ఒకరోజు రానివానికి రెండురోజుల కూలి కోయుట బొంబాయిలో వాడుక. నెలజీతమును చాలనాళ్లు బిగబట్టి, పనివాడు పారిపోకుండ చూచుటయు ఉండెను. జంషెడ్జీ ఈ త్రోవ త్రొక్కలేదు. పొలమున్నవానికి జుల్మానా వేసినచో వాడు పొలమునకే పోవును, మిల్లునకు తిరిగిరాడు. రానివానిని దండించుటకంటె వచ్చినవానికి నిలుచుటలో లాభము చూపుట మేలని ఆయన యెంచెను.

అందుచేత 1886లో పనివారికి పింఛను నిధి నేర్పరచిరి. ఏండ్లు గడచినకొలది మిల్లుతో పనివానికి బంధము బలపడునట్లు చేయుటయే దీని కీలకము. సంవత్సరమున కొకసారి కుటుంబములతో కూడ అందరిని పిలిచి, మంచి పనివారికి బంగారు గొలుసులు, గడియారములు, వస్త్రములు, నగదు బహుమతులుగా నిచ్చుచుండిరి. భార్యాబిడ్డల యెదుట గొలుసు పుచ్చుకొనినవాడు మరునాడు పనికి రాకుండుట కష్టము! 1895 నుండి పనిలో గాయపడినవారికి నష్టపరిహార మిచ్చుట మొదలిడిరి. ఇట్టి పరిహారమును ప్రభుత్వము చట్టముచేసినది 1923లో. చదువుకొనిన యువకులను శిక్షణార్థులుగా చేర్చుకొని మిల్లుపని నేర్పుటయు ఆయన పద్ధతులలో నొకటి.

ఇదంతయు దయయా, వ్యాపారమా యని అడుగవచ్చును. రెండునని చెప్పుటయే న్యాయము. గాలిలో తేమను నిలుపు యంత్రములు పనివానికి హాయినిచ్చినను, మొదట అవి పోగు తెగకుండుటకు. నాటి మిల్లులలో పని తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు సాగుచుండెను. 1881 నాటి మొదటి ఫ్యాక్టరీ చట్టము పిల్లల పనిగంటలనే గాని పెద్దలవి ముట్టలేదు. వయోజన పురుషుల పనికి 12 గంటల హద్దు 1911లో గాని రాలేదు. ఎంప్రెస్ మిల్లును ఆ కాలపు మిల్లే. దానిని స్వర్గముగా చిత్రించుట సత్యము కాదు. అయినను, లాభమునకు దారి పనివాని మేలులోనుండియే వేయవచ్చునని లెక్క వేసి చూపిన ఘనత ఆయనకు కలదు.

ఆ లెక్క 1886లోనే పరీక్షకు నిలిచెను. కుర్లాలో శిథిలావస్థలోనున్న ధరంసీ మిల్లును పన్నెండున్నర లక్షలకు కొని దానికి స్వదేశీ మిల్లని పేరిడెను. యంత్రములన్నియు తుప్పుపట్టినవి, నష్టము మీద నష్టము. వాటాదారులు భయపడిరి. జంషెడ్జీ తన సొంత ఎంప్రెస్ వాటాలలో కొన్నిటిని అమ్మి అందులో పోసెను. ధనముతో పాటు ఆయన తెచ్చినది నాగపురమున తయారైన మంచి పనివారిని. కొన్నియేండ్లకు ఆ మిల్లు నిలద్రొక్కుకొనెను.

ఉక్కు పరిశ్రమ విషయమునను ఆయన మొదట వెదకినది మనిషినే. 1902లో అమెరికాకు పోయినప్పుడు న్యూయార్కులో చార్లెస్ పేజ్ పెరిన్ అను ఇంజనీరును స్వయముగా కలిసికొని, భారతదేశమునకు వచ్చి ఇనుప రాతిని, బొగ్గును పరిశోధించి పెట్టుమని కోరెను. ఎవరో యెరుగని ముసలిపెద్ద కోరగనే పెరిన్ ఒప్పుకొనెను. అదే యేట కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, ఇంకను స్థలమైనను దొరకని ఆ ఊరిలో వీథులు వెడల్పుగా నుండవలెననియు, త్వరగా పెరుగు నీడచెట్లు నాటవలెననియు, తోటలకు, ఆటలకు, హిందూ, మహమ్మదీయ, క్రైస్తవ ఆరాధనాలయములకు చోటు విడువవలెననియు సూచించెను.

ఆ ఊరిని ఆయన చూడలేదు. 1904 మే 19వ తేదీన జర్మనీలోని బాడ్ నౌహైమునందు కన్నుమూసెను. ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్ శ్మశానమున ఆయన సమాధి కలదు. సాక్చి గ్రామమున ఉక్కు కర్మాగారము లేచినది 1908 తరువాత; ఎనిమిది గంటల పనిదినము అచ్చట 1912లో అమలులోనికి వచ్చెను. 1920లో అచ్చటనే పెద్ద సమ్మెయు జరిగెను. అప్పటికి ఒక్క యేడు ముందు, 1919లో, సాక్చికి జంషెడ్‌పూరని పేరు పెట్టియుండిరి.