పెన్షన్ తర్వాత అర్ధశతాబ్దం

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరగానే నాకు తట్టిన పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిది. ఆయనను గొప్ప ఇంజనీరుగా అందరూ ఎరుగుదురు. నా దృష్టిలో ఆయన గొప్ప పెన్షనరు కూడా.

ఆయన 1861 సెప్టెంబరు 15న మైసూరు రాజ్యంలోని ముద్దేనహళ్లిలో జన్మించారు. పూర్వీకులు మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుండి వెళ్లినవారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ చదివి, పూనాలో ఇంజనీరింగు ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు.

1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన తలుపులు అమర్చారు. వరదనీరు ఒక మట్టం దాటితే అవే తెరుచుకుంటాయి, తగ్గితే అవే మూసుకుంటాయి. మనిషి నిలబడి చక్రం తిప్పనక్కరలేదు. కాని అవి అంత తేలికగా కదలడం వెనుక ఎంత లెక్క, ఎంత శ్రమ ఉండాలి! మన అలవాట్లూ అంతే. మొదట మనం వాటిని మోస్తాం, తర్వాత అవే మనల్ని మోస్తాయి.

1908లో ఆయన స్వచ్ఛందంగా విరమించారు. ఆ సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. విదేశయాత్రలో ఉన్న ఆయనకు నిజాం ప్రభుత్వం కబురు పంపింది. ఎగువన జలాశయాలు కట్టాలని ఆయన ఇచ్చిన పథకమే 1920లో ఉస్మాన్ సాగర్‌గా, 1927లో హిమాయత్ సాగర్‌గా రూపుదాల్చింది. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా ఉన్నారు. తొంభై దాటాక 1952లో గంగ మీద వంతెనకు చోటు చూడడానికి బీహారు వెళ్లారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండాక, కన్నుమూశారు.

వేళ తప్పని పని, మితాహారం, నడక, మడత నలగని దుస్తులు, తలపాగా. ఇవి చివరిదాకా ఆయనను విడువలేదు.

ఇక నా సంగతి. ముప్పయ్యారేళ్లు గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యాను. మొదటి సోమవారం తొమ్మిదిన్నరకు క్యారియరుతో బస్‌స్టాపులో ఉన్నాను. కాళ్లే తీసుకుపోయాయి! మా ఆవిడ నవ్వింది. నాకు మాత్రం సిగ్గేసింది. ఆ సిగ్గుతో అన్నీ మానేశాను. గడ్డం గీసుకోవడం లేదు, నడక లేదు. ఆరు నెలల్లో బి.పి., షుగరు వచ్చాయి. కాఫీ ఆలస్యమైతే కోడలి మీద విసుక్కునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే విశ్వేశ్వరయ్యగారి జీవితం చదివాను. తప్పు నా అలవాటుది కాదని, దానికి పని చూపించని నాదని తెలిసింది. తలుపు బాగానే ఉంది, నీరే లేదు. మర్నాటి నుండి అదే తొమ్మిదిన్నరకు మన సంఘం ఆఫీసుకు వస్తున్నాను. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు పూర్తి చేసుకోలేని సోదరీమణులకు ఫారాలు రాసిపెడుతున్నాను. ఇప్పుడూ కాళ్లే తీసుకొస్తున్నాయి, కాని సిగ్గు లేదు.

కొత్తగా రిటైరైన మిత్రులకు నా మనవి ఒక్కటే. ఆఫీసు వేళకు కాళ్లు గుమ్మం వైపు లాగితే ఆపకండి. మన సంఘంలో ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది.