మోసిన చేతులు, మోయబడిన తల్లి
ఎమీ కార్మైకేల్ (1867–1951)

వృద్ధులను ఆదరించుట ఒక పరిచర్య. వృద్ధాప్యములో ఇతరుల ఆదరణను కృతజ్ఞతతో అంగీకరించుట మరియొక పరిచర్య. రెండవది మొదటిదానికంటె కష్టమైనది. దక్షిణ భారతమున ఏబదియైదు సంవత్సరములు ప్రభువును సేవించిన ఎమీ కార్మైకేల్ ఈ రెండు పాఠములను నేర్చుకొనెను. దేవాలయములకు అర్పింపబడు పసిబిడ్డలను కాపాడిన తల్లిగా ఆమెను ఎరుగనివారు మన సంఘములలో అరుదు. ఆమె ముదిమి సంగతి ఎరిగినవారు మాత్రము కొందరే.

ఆమె 1867 డిసెంబరు 16న ఐర్లండు దేశమున సముద్రతీరపు గ్రామములో జన్మించెను. ఏడుగురు బిడ్డలలో ఆమెయే పెద్దది. ఒక ఆదివారము బెల్‌ఫాస్టు పట్టణమున ఆరాధన ముగించుకొని ఇంటికి వచ్చుచు, బరువైన మూట మోయుచున్న ఒక పేద వృద్ధురాలిని చూచి, ఎమీయు ఆమె తమ్ములును ఆ ముసలమ్మకు సాయపడిరి. గౌరవస్థులైన సంఘస్థులు చూచుచుండగా ఆ బిడ్డలు సిగ్గుపడిరి. ఆ సిగ్గే ఆమె హృదయమును పరీక్షించెను. మనుష్యుల మెప్పుకొరకు కాక నిత్యము నిలుచు పనికొరకు బ్రదుకవలెనని ఆమె ఆనాడే నిశ్చయించుకొనెను.

కెస్విక్ కూటముల స్థాపకులలో ఒకరైన రాబర్ట్ విల్సన్ గారు భార్యను, ఒక్కగానొక్క కుమార్తెను పోగొట్టుకొనియుండిరి. 1890లో ఎమీ ఆయన గృహమునకు వెళ్లి, కుమార్తెవలె ఆయనకు తోడుగా నుండెను. ఆయన పేరును సహా తన పేరుతో కలుపుకొనెను. అన్యదేశ సేవకు పిలుపు వచ్చినప్పుడు ఆ వృద్ధుని విడిచిపోవుట ఆమెకు కత్తిపోటువంటిదాయెను. 1893లో జపానుకును, పిమ్మట సింహళమునకును వెళ్లెను. ఆయనకు జబ్బుచేసెనని వినగానే తిరిగి వచ్చెను. 1895లో భారతదేశమునకు బయలుదేరినప్పుడు ఆయనయే ఆమెను పంపెను. వారు ఈ లోకమున మరల కలిసికొనలేదు. 1905లో ఆయన ప్రభువునందు నిద్రించెను.

తిరునల్వేలి జిల్లాలో 1901 మార్చి నెలలో ప్రీనా అను చిన్నది ఆలయపు ఇంటినుండి తప్పించుకొని ఆమెయొద్దకు వచ్చెను. దోనవూరులో కుటుంబము ఆ బిడ్డతో ఆరంభమాయెను. 1904లో ఎమీ తల్లి వచ్చి కొంతకాలము అక్కడ నివసించెను. పిల్లలకు అవ్వ దొరకెను. అయితే పెద్దలు ఒకరి వెనుక ఒకరు గతించిరి. కుటుంబమునకు అండయైన వాకర్ గారు 1912లో కూటములకై మన మచిలీపట్నమునకు వచ్చి అక్కడనే మరణించిరి. మరుసటి యేట తల్లియు, 1915లో కుడిభుజమువంటి పొన్నమ్మాళును పోయిరి. అందరి భారమును ఎమీపై పడెను.

1931 అక్టోబరు 24 ఉదయమున, తన ప్రియులకు సహాయపడుటకై తనను తగినదానిగా చేయుటకు ఏమి చేసినను సమ్మతమేయని ఆమె ప్రార్థించెను. ఆ సాయంకాలమే కళక్కాడులో వైద్యశాలకై సిద్ధపరచుచున్న ఇంటిని చూడబోయి, మసక చీకటిలో గోతిలో పడెను. కాలు విరిగెను, చీలమండ తొలగెను. నెయ్యూరు ఆసుపత్రికి తీసికొనిపోయిరి. త్వరలో లేచి నడచునని అందరును తలంచిరి. కాని తరువాత సుమారు ఇరువది సంవత్సరములు ఆమె లోకము ఒక్క గదియే.

ఒకరికి భారము కాకూడదనునది ఆమె చిరకాల కోరిక. ప్రభువు దానిని ఆమె కోరిన రీతిగా అనుగ్రహింపలేదు. ఎవరిని స్నానము చేయించి, అన్నము తినిపించి పెంచెనో ఆ కుమార్తెలే ఇప్పుడు ఆమెను లేవనెత్తి, పడక సర్ది, రాత్రులు కనిపెట్టుకొని యుండిరి. నరముల బాధ, కీళ్లనొప్పి, నిద్రలేమి ఆమెను విడువలేదు. అయినను ఆ గది మూలనపడిన గది కాలేదు. వరండాలో పక్షులు కిలకిలలాడెను. ఇంటికి వచ్చిన దినమును పండుగగా జరుపుకొను పిల్లలు ఆమె దీవెనకై వచ్చుచుండిరి. వెళ్లి చూడలేని వారికి ఆమె చీటీలు వ్రాసి పంపెను. ఆరోగ్యవంతులు రోగులకు చెప్పు ఓదార్పు అన్ని వేళల హృదయమునకు చేరదని గ్రహించి, రోగిగానే రోగులకు ఒక గ్రంథము వ్రాసెను. అది 1933లో వెలువడెను.

1948లో గదిలోనే మరల పడి ఆమె పూర్తిగా మంచమునకు పరిమితమాయెను. తన తరువాత భారము వహించునని నమ్మిన గాడ్‌ఫ్రే వెబ్-పెప్లో గారు 1949లో ఆమెకంటె ముందే వెళ్లిపోయిరి. అప్పుడును ఆమె ఇతరులను ఓదార్చెను. 1951 జనవరి 18న, తన 83వ యేట, నిద్రలోనే ప్రభువు సన్నిధికి చేరెను. సమాధిపై రాయి వద్దని ముందే కోరియుండెను. కనుక పిల్లలు పక్షులు నీరు త్రాగుటకు ఒక రాతి తొట్టి నిలిపి, తల్లియని అర్థమిచ్చు తమిళ పదమును దానిపై చెక్కించిరి.

దోనవూరు వృద్ధాశ్రమముగా కట్టబడలేదు, అది ఇల్లు. పసికందులుగా వచ్చి, అక్కలై సేవచేసి, తల నెరసిన వారు ఆ ఇంటిలోనే ఆదరింపబడిరి. మంచము, మందు, వేళకు భోజనము ఏ ఆశ్రమమైనను ఇయ్యగలదు. దీవెన అడుగుటకు వచ్చు బిడ్డను, చేయదగిన ఒక చిన్న పనిని ఇచ్చునది ఇల్లు మాత్రమే. ప్రభువు సిలువపై వ్రేలాడుచు తన తల్లిని శిష్యుని ఇంటికే అప్పగించెను. మన యిండ్లలోను, సంఘములు నడుపు ఆశ్రమములలోను మంచము పట్టిన తల్లిదండ్రులయొద్దకు సేవ చేయుటకే కాక, దీవెన పొందుటకును వెళ్లుదము గాక.