శైత్యశోధకుడు కామర్లింగ్ ఓనెస్

1868 ఆగస్టు 18వ తేదీన మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణము కనబడెను. దానిని పరిశీలించుటకు జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సముద్రములు దాటి అచటికి వచ్చెను. ఆ యేట సూర్యకాంతిలో గుర్తింపబడిన ఒక పసుపు రేఖయే హీలియము అను వాయువు జాడ. అప్పటికి హాలండు దేశమున గ్రోనింగెన్ నగరమందు పదునాలుగేండ్ల బాలుడొకడు పెరుగుచుండెను. నలువది యేండ్ల తరువాత ఆ వాయువును ద్రవముగా మార్చినవాడు అతడే.

ఇటుకల కర్మాగారపు యజమాని కుమారుడైన హైకె కామర్లింగ్ ఓనెస్ 1882లో లైడెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. శరీరము దుర్బలము; పట్టుదల మాత్రము గట్టిది. వాయువులను మిక్కిలి ఒత్తిడికి లోనుచేయు అతని యంత్రములు పేలునేమోయని ఇరుగుపొరుగువారు భీతిల్లిరి. 1807లో ఆ చోటనే తుపాకిమందు ఓడ పేలి ఇండ్లు నేలకూలినవి; కనుక వారి భయమును తప్పుపట్టరాదు. 1895 మొదలు మూడేండ్లు పని నిలిచిపోయెను. ఇంతలో లండనులో డ్యూయరు హైడ్రొజనును ద్రవముగా మార్చి ముందడుగు వేసెను.

ఓనెస్ నిరాశ చెందలేదు. గాజు పనివారికి, యంత్రపు పనివారికి శిక్షణ యిచ్చు పాఠశాలను నెలకొల్పెను. 1908 జూలై 10వ తేదీన ఉదయము మొదలిడిన ప్రయోగము రాత్రివరకు సాగెను. పొద్దు వాలినను పాత్రలో ఏమియు కానరాలేదు. చూడవచ్చిన రసాయనాచార్యుడొకడు క్రిందినుండి వెలుతురు పట్టి చూడుమనెను. పాత్ర దాదాపు నిండియుండెను! దాని శైత్యము సున్నకు దిగువ 269 డిగ్రీలు.

1911లో ఆ శైత్యమున పాదరసమును పరీక్షింపగా, విద్యుత్తును అడ్డగించు గుణము హఠాత్తుగా మాయమయ్యెను. తీగలెచటనో తగులుకొన్నవని మొదట సందేహించిరి. కొలతలు తీసిన సహాయకుడు హోల్‌స్ట్. ప్రకటనపై అతని పేరు లేకుండుట వెలితియే. 1913లో ఓనెస్‌కు నోబెల్ బహుమానము లభించెను.

ఇట్టి అతివాహకములతో మహాబలముగల అయస్కాంతములను చేయవచ్చునని అతడు ఆశించెను. కాని స్వల్పమైన అయస్కాంతబలము సోకినంతనే సీసమునందలి ఆ గుణము నశించెను. ఆ కోరిక తీరకయే 1926లో ఓనెస్ మరణించెను.

తరువాతివారు అయస్కాంతబలమును ఓర్చు పదార్థములను కనుగొనిరి. వానిలో నియోబియము, సెలీనియము కలిసిన సమ్మేళనమొకటి. గూడూరు అభ్రకమువలె అది పొరలు పొరలుగా విడివడును. పరమశూన్యమునకు పైన 7 డిగ్రీల చెంత అతివాహకమగును. అయస్కాంతబలము పొరల వెంబడి ఉన్నచో ఎక్కువగాను, పొరలకు అడ్డముగా ఉన్నచో తక్కువగాను సహించును. దానిని అంతగా చల్లార్చుటకు నేటికిని హీలియమునే వాడుదురు.