చెరిపినా చెరగని హత్‌షెప్సుత్

మూసాపేటలో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్ దగ్గరే. అక్కడి మ్యూజియంలో ఈజిప్టు నుంచి తెచ్చిన మమ్మీ ఉంది. దాన్ని చూసి వచ్చాక ఆ దేశం గురించి పుస్తకాలు తిరగేశాం. అలా మాకు పరిచయమైన మహారాణి హత్‌షెప్సుత్.

ఆమె సుమారు 3,500 ఏళ్ల కిందటి మనిషి. మొదటి థుట్‌మోస్ చక్రవర్తి కూతురు, రెండవ థుట్‌మోస్ భార్య. ఆమెకు నెఫెరురే అనే కూతురు. భర్త చనిపోయేనాటికి సవతి కొడుకు మూడవ థుట్‌మోస్ పసివాడు. అతని తరఫున పాలన మొదలుపెట్టి, ఏడేళ్లు తిరిగేసరికి తానే ఫారోగా కిరీటం పెట్టుకుంది. మొత్తం 20 ఏళ్లకు పైగా రాజ్యం ఆమె చేతిలో ఉంది. పుంట్ దేశానికి ఓడలు పంపి బోళం చెట్లను వేర్లతో సహా తెప్పించింది. దెయిర్ ఎల్ బహరీలో గొప్ప ఆలయం కట్టించింది. ఆ పనుల్లో ముఖ్యుడైన సెనెన్‌ముత్ మామూలు కుటుంబంలో పుట్టినవాడే. కర్నాక్‌లో ఆమె నిలిపిన దాదాపు 30 మీటర్ల ఏకశిలా స్తంభం నేటికీ నిలిచే ఉంది.

మమ్మల్ని ఆపేసినవి మాత్రం ఆమె శిల్పాలు. ఆడది ఫారో అయితే ఎలా ఉండాలి? ఆమెకు సుమారు 300 ఏళ్ల ముందు సోబెక్‌నెఫెరు అనే రాణి కొన్నేళ్లు పాలించింది, అంతే. అందుకే ఒక సున్నపురాయి విగ్రహంలో తలపై రాజు తలపాగా ఉన్నా, శరీరం సన్నని స్త్రీది. తర్వాత చెక్కిన ఎర్ర గ్రానైట్ విగ్రహాల్లో మగ శరీరం, పెట్టుడు గడ్డం. కానీ శాసనాల్లో చాలాచోట్ల ఆమెను స్త్రీగానే రాశారు.

ఆమె పోయిన చాలా ఏళ్లకు మూడవ థుట్‌మోస్ కాలంలోనే గోడల మీద ఆమె పేరు, బొమ్మలు చెక్కేశారు. విగ్రహాలు పగలగొట్టి గోతుల్లో పారేశారు. 1920లలో హెర్బర్ట్ విన్‌లాక్ నాయకత్వంలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం బృందం ఆ ముక్కలు తవ్వి తీసి అతికించింది. చాలా విగ్రహాలను మెడ, నడుము, మోకాళ్ల దగ్గర విరిచారనీ, అది కోపంతో కాక విగ్రహాల మహిమ తీసేసే ఆచారంగా చేసిన పని కావచ్చనీ 2025లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. కారణం ఏదైనా, గోతిలో పడిన ముఖం మళ్లీ వెలుగు చూసింది.

మాలో చాలామందిమి ఇంటికి మొదటి డిగ్రీవాళ్లం. ముందు నడిచిన అక్క లేదు, అన్న లేడు. హైటెక్ సిటీ ఇంటర్వ్యూకి ఏ బట్టలు వేసుకోవాలో, ఎలా మాట్లాడాలో పక్కవాళ్లను చూసి నేర్చుకున్నాం. అది తప్పు కాదు, హత్‌షెప్సుత్ కూడా గడ్డం పెట్టుకుంది. కానీ ఎక్కడ చదివావని అడిగితే మేం హాస్టల్ పేరు మింగేశాం. ఆమె పేరును ఇతరులు చెరిపారు, మా పేరును మేమే చెరుపుకున్నాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఆ పని చేయకండి. మీ పేరు పక్కన హాస్టల్ పేరు కూడా గట్టిగా చెప్పండి.