చలిగాలిలో వేడిని చూచిన లార్డ్ కెల్విన్



సికింద్రాబాదు స్టేషను ఎదుట కూల్‌డ్రింకు కొట్టులో ఫ్రిజ్జు వెనుక చెయ్యి పెట్టి చూచినవారెరుగుదురు: లోపల సీసాలు చల్లబడుచుండగా వెనుకనుండి వేడి వచ్చుచుండును. సీసాలలోనుండి తోడిన వేడియు, కరెంటు వేడియు కలిసి అట్లు బయటపడును. చలిదేశములలో ఇట్టి యంత్రమే బయటి చలిగాలిలోని కొద్దిపాటి వేడిని, బావినీరు తోడినట్లు, ఇంటిలోనికి తోడుచున్నది. దానిని హీట్ పంపు అందురు. ఇల్లు వెచ్చచేయుటకు ఈ మార్గమును తలపోసినవాడు విలియం థామ్సన్. తరువాత లార్డ్ కెల్విన్ అనబడెను.

ఆయన 1824 జూన్ 26న ఐర్లండులోని బెల్‌ఫాస్టులో జన్మించెను. చిన్ననాడే తల్లి గతించెను. గణితము బోధించు తండ్రి పిల్లలకు తానే చదువు చెప్పి, వారిని స్కాట్లండులోని గ్లాస్గోకు తీసికొనిపోయెను. పదేండ్లకే విలియం అక్కడి విశ్వవిద్యాలయములో చేరెను. 22 ఏండ్లకు, అనగా 1846లో, అక్కడనే ఆచార్యుడై 53 సంవత్సరములు పని చేసెను. ఉదయపు తరగతిని ప్రార్థనతో ఆరంభించుట ఆయన వాడుక. సృష్టి నియమములను వెదకుటయు సృష్టికర్తను ఆరాధించుటయు ఆయనకు వేరు పనులు కావు.

ఆ దినములలో అక్కడి ఇండ్లలో బొగ్గు పొయ్యిలుండెను. వేడిలో పెద్ద పాలు పొగగొట్టమున పోవుచుండెను. 1852లో థామ్సన్ లెక్కకట్టి చూపెను: బొగ్గును ఊరక కాల్చక, దానితో ఇంజను నడిపి, బయటి గాలిలోని వేడిని లోపలికి తోడించినయెడల తక్కువ బొగ్గుతోనే ఇల్లు వెచ్చబడును. ఆ యంత్రముతోనే ఇంటిని చల్లబరచనువచ్చును. గాలిని అదిమిన వేడెక్కును. సైకిలు పంపు కొట్టిన పిల్లవాడెవడైనను ఇది ఎరుగును. వ్యాపింపనిచ్చిన చల్లబడును. కిటుకు అంతే.

అయితే బొగ్గు చవక. ఆయన తలంపు కాగితముమీదనే నిలిచెను. లోకము ఆయనను అట్లాంటిక్ సముద్రపు తంతితీగ నిమిత్తము ఘనపరచెను. 1892లో లార్డ్ బిరుదమిచ్చెను. భూమి వయస్సును మాత్రము ఆయన మిక్కిలి తక్కువగా లెక్కించెను. అంతటి మేధావియు పొరబడెను!

యోహాను సువార్త 4వ అధ్యాయములో ప్రభువు విత్తువానిగూర్చియు కోయువానిగూర్చియు శిష్యులతో మాటలాడెను గదా. థామ్సన్ ఈ పొలములో కోత చూడలేదు. 1907 డిసెంబరు 17న ఆయన నిద్రించెను. లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో న్యూటన్ సమాధి చెంత పాతిపెట్టబడెను.

నేడు మంచి హీట్ పంపు ఒక యూనిట్టు కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి నిచ్చుచున్నది. నార్వే, స్వీడన్ దేశములలో అనేక కుటుంబములు దీనితోనే చలికాలము గడుపుచున్నవి. ఆయన మరణించిన 31 ఏండ్లకు, 1938లో, స్విట్జర్లండులోని జూరిచ్ పట్టణపు టౌన్‌హాలును ఇట్టి యంత్రముతో వెచ్చచేసిరి. ఆ వేడిని తోడినది ప్రక్కన పారు లిమ్మాట్ నది చన్నీళ్లలోనుండియే.